మస్తరులో మిగిలిన హాల్టు

పోయిన నెల భద్రాచలం నుంచి కల్లూరు వస్తున్నాను. పాల్వంచలో బస్సెక్కిన ఒక పెద్దమనిషి నా పక్కన కూర్చుని, కాసేపు నా మొహం చూసి, మీరు బొంగుల కంపెనీలో లెక్కలు రాసిన సారే కదా అని అడిగాడు. నేను గుర్తుపట్టలేదు. తనే చెప్పుకున్నాడు. కంపెనీ లారీ నడిపినవాడట. ఇప్పుడు కళ్ళు కనిపించక మానేసి కొడుకు దగ్గర ఉంటున్నాడట. పాతవాళ్ళలో ఎవరు ఎక్కడున్నారో, ఎవరు లేరో వరసగా చెప్పుకొచ్చాడు. ఆ వరసలోనే, మిగతావాళ్ళ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"హాల్టామె గూడ పోయింది సార్. మొన్న ఎండలల్ల. సారపాకల."

ఎలా పోయిందని అడగలేదు. అడిగితే ఇంకేం చెబుతాడోనని భయం వేసింది. కల్లూరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. 

ఆమెకు పేరుంది. పనివాళ్ళ హాజరు రాసే మస్తరు పుస్తకంలో నా కళ్ళతో చూశాను. ఇక్కడ మాత్రం రాయను. తన గురించి ఏమీ రాయవద్దని ఆమె నన్ను ఒకసారి అడిగింది. సరేనని మాట ఇచ్చి, ఆ తర్వాత రాశాను. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను. పోయినసారి రాత ఆమె నీడను తీసేసింది. ఈసారి తీయడానికి ఏమీ లేదు గనుక ధైర్యం చేస్తున్నాను.

బొంగుల కంపెనీ అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. అడవిలో కొట్టిన వెదురును పెద్ద రైలు స్టేషను దాకా చేర్చడానికి ఒక ప్రైవేటు కంపెనీ తన సొంత ఖర్చుతో వేసుకున్న చిన్న లైను ఒకటి ఉండేది. సర్కారు రైలుకూ దానికీ సంబంధం లేదు. అడవిలోని వెదురు డిపోలో బయల్దేరిన ఇంజను సగం దారిలో వాగు దగ్గర నీళ్ళకు ఆగేది. అది నీళ్ళు పట్టుకునేలోగా సంతకు పోయే గూడెం ఆడవాళ్ళు గంపలతో సహా వెదురు కట్టల మీదికి ఎక్కేవారు. మొదట మేనేజరు వద్దన్నాడట. తర్వాత, వీళ్ళను ఎక్కించుకుంటే కూలీలు కూడా పొద్దున తిరుగు బండిలో డిపోకు అందుతారని తోచి, వెనక ఒక పెట్టె తగిలించాడు. వాగు ఒడ్డున నాలుగు రేకులు వేయించాడు. రేకుల కింద ఒక బెంచీ, పక్కన ఒక బోర్డు. వాగుకు పేరుంది, గూడేనికి పేరుంది గానీ బోర్డు మీద 'హాల్టు' అని మాత్రమే రాయించాడు. ఆ చుట్టుపక్కల రెండో హాల్టు లేదు గనుక ఎవరికీ ఇబ్బంది కాలేదు.

ఆమె పెనిమిటి అక్కడ పంపు కొట్టి ఇంజను తొట్టి నింపేవాడు. ఒక రోజు బొంగు కట్టలు జారి మీద పడి చనిపోయాడు. కంపెనీ వాళ్ళు ఆయన పనిని ఆమెకిచ్చారు. రేకుల వెనక ఒక అర్ర కట్టుకోనిచ్చారు. మస్తరులో ఆయన పేరు కొట్టేసి ఆమె పేరు రాశారు. హోదా అదే ఉంచారు: వాటర్‌మన్, హాల్టు. కొన్నేళ్ళకు డీజిలింజను వచ్చింది. దానికి వాగు నీళ్ళు అక్కర్లేదు. అయినా మనుషుల కోసం ఆగేది, ఆమె మనుషులకు నీళ్ళు పోసేది. ఇంకొన్నేళ్ళకు హాల్టు పక్కగానే అడవిలోకి రోడ్డు పడింది. వెదురు లారీలకెక్కింది. బండి ఆగిపోయింది.

డెబ్బైల ఆఖర్లో నేను డిగ్రీ ముగించి పాల్వంచలో ఆ కంపెనీ ఆఫీసులో టెంపరరీ గుమాస్తాగా చేరేనాటికి, లైను మీద బండి నడవక మూడు నాలుగు వానాకాలాలు గడిచిపోయాయి. పట్టాలు అమ్మేయాలని పైవాళ్ళు అనుకున్నారు. ఏ మైలులో ఎంత ఇనుముందో, ఎన్ని రేకులున్నాయో చూసి రాసుకురమ్మని నన్ను పంపారు. డిపోలో దిగి, రోజూ పొద్దున్నే పట్టాల వెంట నడిచి రాసుకుంటూ వచ్చేవాణ్ణి.

మొదటి రోజు హాల్టు దగ్గరికి వచ్చేసరికి ఎండ మాడుతున్నది. బోర్డు పక్కన చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒక సన్నటి మనిషి నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. నన్ను చూసి అడుగు ముందుకు వేసి, "ఎవరింటికి?" అంది. కంపెనీ నుంచి వచ్చానన్నాను. మొహం ఒక్కసారిగా చిన్నబోయింది. అయినా ముందు కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి, నేను దోసిలి పడితే పైనుంచి సన్నగా పోసింది. తాగడం అయ్యాక అడిగింది.

"ఇనుము లెక్కనా సారూ, మనుషుల లెక్కనా?"

ఇనుమేనన్నాను. "అయితే కూసో" అని చీర కొంగుతో బెంచీ దులిపింది.

తర్వాత దాదాపు మూడు వారాలు, మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా ఆ రేకుల కిందే కూర్చునేవాణ్ణి. ఆమె మాత్రం ఏనాడూ ఆ బెంచీ మీద కూర్చోలేదు. అది ప్యాసింజర్లు కూర్చునేదట. నేను ఒకసారి కాళ్ళు పైకి పెట్టుకుంటే, నా కంపెనీ హోదా ఏమీ చూడకుండా కింద పెట్టించింది. పొద్దున హాల్టు ఊడ్చేటప్పుడు వాగు వైపు చివర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ ఊడ్చేది. చివరికి వచ్చేసరికి నేల మీద తన అడుగులు కూడా మిగిలేవి కావు. అంతా అయ్యాక నడుము మీద చేతులు పెట్టుకుని ఒకసారి చూసుకునేది. అరగంటకు మేకలు వచ్చి తొక్కేసేవి. కోపం తెచ్చుకునేది కాదు. మేకల్ని కూడా ప్యాసింజర్లనే పిలిచేది.

కోపమంతా మేకలవాడి మీదే. అందులోనూ ఒక పద్ధతి ఉంది. ఖాకీ చొక్కా ఒంటి మీద ఉండగా నోరు జారేది కాదు. మేకలవాణ్ణి తిట్టాలనుకుంటే ముందు చొక్కా విప్పి, దులిపి, అర్ర బయటి మేకుకు తగిలించి, అప్పుడు మొదలుపెట్టేది. వాడు ఆ సరికి వాగు దాటిపోయేవాడు. అయినా తిట్టాల్సిందంతా తిట్టి, మళ్ళీ చొక్కా తొడుక్కుని కుండ దగ్గరికి వచ్చేది. డ్యూటీ చొక్కాతో తిడితే కంపెనీ తిట్టినట్టు అవుతుందట. నేను పడీ పడీ నవ్వాను. ఆమెకు నవ్వు రాలేదు.

గూడెం ఆడవాళ్ళతో వాళ్ళ భాషలోనే మాట్లాడేది. ఆమె మాట్లాడే తీరుకు వాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. సంత రోజున బండి లేకపోయినా వాళ్ళు ఆ దారినే నడిచిపోయేవారు, ఆ రేకుల కిందే గంపలు దించేవారు. బీడీలకు తునికాకు కోసే సీజను కావడంతో చేతులన్నీ నల్లగా మరకలు పడి ఉండేవి. ఆ చేతుల్లోకే నీళ్ళు పోసేది. ఎవరైనా కుండలో చెయ్యి పెట్టబోతే మాత్రం ఒప్పుకునేది కాదు.

మధ్యాహ్నం ఒక వేళకు, చేస్తున్న వంట ఆపి, చొక్కా గుండీలు సరిచేసుకుని, బోర్డు పక్కకు వచ్చి నిలబడేది. పూర్వం బండి వచ్చే వేళ అది. ఒక పది నిమిషాలు నిలబడి తిరిగి పొయ్యి దగ్గరికి పోయేది. నేను చదువుకున్నవాణ్ణి కదా, రాని బండి కోసం ఎదురుచూసే మనిషి అనుకుని మనసులోనే కరిగిపోయాను. ఒక రోజు ఉండబట్టలేక, బండి ఇక రాదు కదమ్మా అన్నాను. నా వైపు జాలిగా చూసింది.

"రాదు. నాకెరుక లేదా. గీ టైముకు లారీలు పోతయి సారూ. నేను నిలవడ్డది వాళ్ళకు కనవడాలె."

ఆఖరి రోజు బండి గురించి అడిగినా అంతే. డ్రైవరు వాగు దగ్గర మొదలుపెట్టి మలుపు తిరిగేదాకా ఒకటే హారను కొట్టాడట. ఎందుకంత కొట్టాడో, చెవులు గింగురుమన్నాయని చెప్పింది. నేను ఆశించిన కన్నీళ్ళు ఆమె దగ్గర లేవు. ఆమెకున్నది వేరే భయం. దాన్ని నేను గుర్తించలేదు.

అప్పట్లో నాకు తెలియని సంగతి ఇక్కడే చెప్పేస్తాను. బండి ఆగిన రోజునే ఆమె పని కూడా పోవలసింది. లైను మీద పనిచేసినవాళ్ళందరి పేర్లూ కొట్టేశారు. ఆమె పేరు మాత్రం లైను పుస్తకంలో కాక, నీళ్ళ పనివాళ్ళ పుస్తకంలో ఉండిపోయింది. డిపోలో మస్తరు రాసే ముసలాయన దాన్ని చూసి కూడా చూడనట్టు పేజీ తిప్పాడు. ప్రతి శనివారం తెల్లవారుజామున ఆ పుస్తకాన్ని లారీలో పంపేవాడు. హాల్టు దగ్గర లారీ ఆగితే ఆమె పరిగెత్తుకొచ్చి, లారీ బానెట్టు మీద పుస్తకం పెట్టి వేలిముద్ర వేసేది. డ్రైవరు తిరిగి తెచ్చి ఇచ్చేవాడు. డ్రైవర్లకు తెలుసు, క్లీనర్లకు తెలుసు, డిపో టైంకీపరుకు తెలుసు. ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు. ఎవరికి వారు ఊరుకున్నారు, అంతే. అలా ఊరుకోవడం మీదే ఆమె పని, ఆమె అర్ర, ఆమె పొయ్యి నిలబడి ఉన్నాయి. హాల్టు అనేది ఒకటుందని పాల్వంచ ఆఫీసుకు గుర్తు రానంత కాలం ఆమెకు బతుకుంది.

నా పని ముగిసిన రోజు ఆమె కుండ పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు నా కాగితాల వైపే చూసింది. ఏమేం రాశావని అడిగింది. పట్టాలు, తొట్టి, పంపు, రేకులు అని చెప్పాను.

"నా గురించి?"

మంచిగా రాస్తానమ్మా అన్నాను. ఆమె లేచి నిలబడింది.

"మంచిగ గూడ రాయకు సారూ. రాస్తే సదువుతరు."

నవ్వి, సరే రాయనన్నాను. మాటేనా అంది. మాటేనన్నాను. అప్పుడు గానీ ఆమె మొహం తేటపడలేదు. నాతో పాటు మలుపు దాకా నడిచి వచ్చి, పాములుంటాయి పట్టా మీదే నడవమని చెప్పి వెనక్కి తిరిగింది.

పాల్వంచలో గదిలో కూర్చుని రిపోర్టు సాపు రాస్తుంటే చివర రిమార్కులకు సగం పేజీ ఖాళీ మిగిలింది. నిజం చెప్పాలంటే ఆ ఖాళీ నన్ను ఊరించింది. ఇనుము లెక్కల్లో నా ఇంగ్లీషు చూపించే సందు ఎక్కడా దొరకలేదు. ఆమె వద్దన్నది వినయంతో అనుకున్నాను. చదువురాని మనిషికి తన మేలు తనకేం తెలుస్తుందిలే అనుకున్నాను. అన్నేళ్ళ నుంచి ఆమె టెంపరరీ, నేనూ టెంపరరీ, టెంపరరీ మనిషి బాధ టెంపరరీ వాడు కాక ఎవడు రాస్తాడు అనుకున్నాను. ఇన్ని అనుకున్నవాణ్ణి, ఆమె అడిగిన ఒక్క మాట ఎందుకు అడిగిందో మాత్రం అనుకోలేదు. బండ్లు నడవకపోయినా ఆ హాల్టును ఆమె ఎంత శుభ్రంగా ఉంచుతున్నదీ, ఎండనపడి వచ్చినవారికి ఎలా నీళ్ళిస్తున్నదీ, వేళ తప్పకుండా ఎలా నిలబడుతున్నదీ రాసి, ఇలాంటి నమ్మకమైన మనిషిని దయతో పర్మనెంటు చేయవలసిందని ముగించాను. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. అంత మంచి ఇంగ్లీషు మళ్ళీ ఎన్నడూ రాయలేదు.

ఆఫీసరు గారు నన్ను గదిలోకి పిలిచి ఒక్కటే అడిగారు. ఏ హాల్టు అని. చెప్పాను. మస్తరు పుస్తకాలు తెప్పించమన్నారు. అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు. పర్మనెంటు చేయడానికే తెప్పిస్తున్నారని సంబరపడ్డాను. వారం తిరక్కుండానే ఆర్డరు వచ్చింది. హాల్టు రేకులు కూడా మిగతా ఇనుముతో పాటు విప్పేయాలి. పోస్టు రద్దు. డిపోలో మస్తరు రాసే ముసలి రైటరుకు మెమో. నన్ను మాత్రం భుజం తట్టి, ఇన్నేళ్ళు ఎవరి కంటా పడనిది పట్టుకున్నావని మెచ్చుకున్నారు. ఆ సంవత్సరమే నన్ను పర్మనెంటు చేశారు.

డిపోకు పరిగెత్తుకు పోయాను. అప్పటికే రెండు రోజులు ఆలస్యమైంది. రైటరు నస్యం డబ్బీ చేతిలో పట్టుకుని, మూత తీయకుండా కూర్చుని ఉన్నాడు. నన్ను తిట్టలేదు. కూర్చోమని కూడా అనలేదు.

"మేమందరం నోరు మూసుకొని ఆమెను నిలవెట్టినం సార్. మీరు నోరు తెరిచి మంచి చెప్పిన్రు."

విప్పిన రోజు సంగతి ఆయనే చెప్పాడు. లారీలో నలుగురు మనుషులు సమ్మెటలు పట్టుకుని దిగితే ఆమె ముందు వాళ్ళకు నీళ్ళు పోసిందట. వచ్చిన పని తెలిశాక చొక్కా విప్పి, మడతపెట్టి, దీన్ని ఎవరికి అప్పగించాలని అడిగిందట. తీసుకునే అధికారం ఉన్నవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఆ చొక్కాను పట్టుకుని సాయంత్రం దాకా పట్టా మీద కూర్చుని, పట్టా కూడా విప్పాల్సి వస్తే లేచి వెళ్ళిపోయిందట. ఎటు పోయిందో ఆయనకు తెలియదు. నేను రాశానని ఆమెకు చెప్పారా అని అడిగాను. చెప్పలేదన్నాడు. చెప్పి ఆమెకు ఏం మిగల్చాలి అన్నాడు.

ఆమెను వెతికానని చెబితే అబద్ధం. వెతకాలని చాలాసార్లు అనుకున్నాను. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి ఆ మొహం చూడలేకనే. ఏడెనిమిదేళ్ళు అలా గడిచాయి.

ఒక రోజు ఆఫీసు పని మీద సారపాక వెళ్ళాను. మిల్లు గేటుకు ఎదురుగా ఒక టీ హోటల్లో కూర్చుంటే, వెనక గ్లాసులు కడుగుతున్న ముసలామె లేచి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. జుట్టంతా నెరిసింది. ముందు రెండు పళ్ళు లేవు. తనే నన్ను గుర్తుపట్టింది.

"ఇనుము లెక్క రాసిన సారువే గదా" అంది. నవ్వుతూ అంది. ఇంట్లో మనిషిని చూసినంత సంతోషపడింది. హోటలు యజమానిని పిలిచి, ఈయన మా కంపెనీ సారు, మూడు వారాలు నా దగ్గర నీళ్ళు తాగిండు అని చెప్పింది. పిల్లలెందరని అడిగింది. ఇద్దరన్నాను. ఆమెను ఎలా ఉన్నావని నేను అడగలేకపోయాను. అడగకుండానే చెప్పింది. వానాకాలం హోటల్లోనే పడుకోనిస్తారట. ఎండాకాలం బయట. తన గురించి సోది చాలనుకుందేమో, హాల్టు గురించి ఎత్తుకుంది.

"ఎవడో రాసిండట సారూ, నా మీద. ఆఫీసుకు కాయితం రాసిండట. నువ్వు గాదులే. నువ్వు రాయనని మాటిచ్చినవ్, రాయలే. నీ తర్వాత ఇంకెవడో వచ్చిపోయిండు."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. చెప్పాలనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను. అమ్మా, నేనే, నీ మంచి కోరి రాశాను అనే మాట గొంతు దాకా వచ్చింది. మంచి కోరి అన్న మాట దగ్గరే అది ఆగిపోయింది. ఆమె ముందర ఆ ముక్క అనడానికి నాకే సిగ్గేసింది. ఎవరై ఉంటారో అన్నాను.

ఆమె నా మొహం చూసి, తన కోసం బాధపడుతున్నాననుకుంది. నా భుజం మీద తడి చెయ్యి వేసింది.

"పోనీ తియ్యి బిడ్డా. ఆనికి గూడ పెండ్లాం పిల్లలుంటరు. ఆని నౌకరీ నిలవాలెనని రాసి ఉంటడు."

ఉంటారమ్మా అన్నాను.